రోడ్డు వదలకుండా ఆకాశంలో: సియాటిల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా

అమెరికా టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు అలాస్కాను కోసి, పటంలో కింద మూలన చిన్న పెట్టెలో అతికిస్తారు. అందుకే సియాటిల్‌కీ అలాస్కాకీ మధ్య ఎంత అడవి ఉందో చాలామందికి తెలియదు. సియాటిల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 1,330 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 2,460 కిలోమీటర్లు. నాలుగు సీట్ల సెస్నా 182లో ఆ గీత వెంట ఎవరూ వెళ్ళరు. దాని కింద దిగడానికి చోటు లేదు, పెట్రోలు లేదు, పలికే మనిషి లేడు.

మా బావకీ నాకూ ఇద్దరికీ పైలట్ లైసెన్సులున్నాయి. ఇద్దరం కలిసి అద్దెకు తీసుకునే విమానం ఒకటుంది. అలాస్కా వెళ్ళాలని ఏళ్ళ తరబడి అనుకున్నాం. ఈ జులైలో వెళ్ళాం. ఇలాంటి ప్రయాణం తలపెట్టే తెలుగువాళ్ళకి పనికొస్తుందని ఆ రోజుల సంగతి రాస్తున్నాను. ఎగిరిన గంటల కన్నా నేల మీద కూర్చుని నిర్ణయాలు తీసుకున్న గంటలే ఎక్కువ. వాటి గురించే ఎక్కువ రాయాలని కూడా ఉంది.

బయలుదేరక ముందు: దారి

చక్రాల విమానానికి మూడు దారులున్నాయి. మొదటిది సముద్ర తీరం వెంట కెచికన్, జూనో మీదుగా. చూడ్డానికి దానంత అందమైన దారి లేదంటారు. కానీ అక్కడ వాన, కిందికి దిగిన మేఘం రోజుల తరబడి కదలవు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ. 1972 అక్టోబరు 16న అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడు హేల్ బాగ్స్, అలాస్కా ప్రతినిధి నిక్ బెగిచ్ ఉన్న సెస్నా 310 ఆంకరేజ్ నుంచి జూనోకి బయలుదేరింది. 39 రోజులు వెతికారు. విమానం ముక్క కూడా ఇప్పటిదాకా దొరకలేదు. దేశంలోని అంత పెద్ద నాయకుడి కోసం వెతికినా దొరకనిది, మాకోసం వెతికితే దొరుకుతుందా అన్నాడు బావ. తీరం దారి అక్కడితో పక్కన పెట్టేశాం.

రెండోది ట్రెంచ్. బ్రిటిష్ కొలంబియాలో రాకీ పర్వతాల పడమటి అంచున తిన్నగా వాయవ్యానికి సాగే పొడవాటి లోయ అది. మెకంజీ ఊరి దగ్గర మొదలుపెట్టి విలిస్టన్ లేక్ మీదుగా వాట్సన్ లేక్ అనే ఊరి దాకా వెళ్ళొచ్చు. విలిస్టన్ లేక్ 1968లో డబ్ల్యూ.ఏ.సి. బెనెట్ డ్యామ్ కట్టడంతో ఏర్పడింది. మూడో దారైన అలాస్కా హైవే మీదుగా వెళ్ళడం కన్నా దాదాపు 150 నాటికల్ మైళ్ళు కలిసొస్తుంది. అనుభవమున్న వాళ్ళు మంచి రోజు చూసుకుని ఈ దారినే వెళ్తారు. కాకపోతే ఆ పొడవునా పెట్రోలు దొరకదు. ఉన్నవల్లా ఒకటీ అరా చిన్న ఊళ్ళూ, వాటి మట్టి రన్‌వేలూ.

మూడోది అలాస్కా హైవే. మేము ఎంచుకున్నది ఇదే. జపాన్ దాడి భయంతో 1942లో అమెరికా సైన్యం డాసన్ క్రీక్ నుంచి డెల్టా జంక్షన్ దాకా ఈ రోడ్డు వేసింది. అయితే పైలట్‌కి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఫోర్ట్ సెయింట్ జాన్, ఫోర్ట్ నెల్సన్, వాట్సన్ లేక్, వైట్‌హార్స్, నార్త్‌వే ఎయిర్‌పోర్టులు ముందు వచ్చాయి, వాటిని కలుపుతూ రోడ్డు పడింది. అందుకే ఆ రోడ్డు అన్ని వంకర్లు తిరుగుతుంది, అందుకే చిన్న విమానానికి అంత బాగా నప్పుతుంది. ఇంజన్ ఆగితే కింద రోడ్డుంటుంది. రోడ్డు మీద లారీలుంటాయి. లారీలో మనిషి ఉంటాడు.

పెట్రోలు, బరువు, కాగితాలు

మా విమానంలో వాడుకోదగ్గ పెట్రోలు 75 గాలన్లు. గంటకి 13 గాలన్లు తాగుతుంది, గంటకి 130 నాటికల్ మైళ్ళు పోతుంది. అన్నిటికన్నా కష్టమైన అంచె ఫోర్ట్ నెల్సన్ నుంచి వాట్సన్ లేక్‌కి. నేరుగా అయితే 200 చిల్లర, రోడ్డు వెంట అయితే దాదాపు 260 నాటికల్ మైళ్ళు. అంటే రెండు గంటలు, 26 గాలన్లు. 75లో 26 పోతే ఇంకా బోలెడు ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ లెక్క అలా వేయకూడదు. వాట్సన్ లేక్ దాకా వెళ్ళాక అక్కడ దిగడం కుదరకపోతే మళ్ళీ ఫోర్ట్ నెల్సన్‌కే రావాలి, మధ్యలో పెట్రోలు బంకు లేదు. రాను పోను 52 గాలన్లు. పైన గంట రిజర్వు 13. మొత్తం 65. ఎదురుగాలి కోసం మిగిలింది పది గాలన్లే. ప్రతి అంచెకీ ఇదే పద్ధతిలో లెక్క వేశాం: చేరాల్సిన ఊరు మూసుకుపోయినా బయలుదేరిన ఊరికి తిరిగి రాగలగాలి. రాలేమనుకుంటే ఆ అంచె పెట్టుకోకూడదు.

ట్యాంకులు నింపితే పెట్రోలే 450 పౌండ్లు. మేమిద్దరం 350. విమానం మోయగలిగిన 1,150లో ఇంకా 350 పౌండ్లు మిగిలింది. వెనక సీట్లు తీసేశాం. అలాస్కా చట్టం ప్రకారం విమానంలో తప్పనిసరిగా కొన్ని వస్తువులుండాలి. మనిషికి వారం రోజులకు సరిపడా తిండి, గొడ్డలి, కత్తి, ప్రథమ చికిత్స పెట్టె, చేపలు పట్టే గాలాలూ దారాలూ, నిప్పు రాజేసే సాధనం, మనిషికొక దోమతెర టోపీ, సంకేతాలిచ్చే మంట పుల్లల్లాంటివి రెండు. చలికాలంలో అయితే మంచు మీద నడిచే చెప్పులు, స్లీపింగ్ బ్యాగు, ఉన్ని దుప్పటి కూడా. జాబితా చదివితే పాతకాలం నాటిదనిపిస్తుంది కానీ ఒక్కటి కూడా అనవసరం కాదు. అలాస్కాలో జులై నెల దోమలను చూశాక ఆ టోపీ రాయించిన వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

వారం తిండి అంటే మా అక్క ఇద్దరికీ అటుకులు, వేరుశెనగ పప్పు, బెల్లం, సున్నుండలు కట్టింది. సున్నుండని మించిన సర్వైవల్ రేషన్ నాకు తెలిసి లేదు. చిన్నది, పాడవదు, నీళ్ళు అక్కర్లేదు, బలం. అలాస్కా పైలట్లు ఇంకో మాట చెబుతారు: ఒంటి మీద ఉన్నదే ప్రాణం కాపాడుతుంది, డిక్కీలో ఉన్నది క్యాంపింగ్ సామానే. విమానం నీళ్ళలో పడినా మంటలంటుకున్నా చేతికందేది జేబుల్లో ఉన్నదే. అందుకని అగ్గిపెట్టె, కత్తి, ఈల, శాటిలైట్ మెసెంజరు ఎప్పుడూ చొక్కా మీద వేసుకునే జాకెట్టు జేబుల్లోనే. ఎలుగుబంట్ల కోసం కొన్న స్ప్రే మాత్రం గట్టిగా మూత పడే ఇనప డబ్బాలో పెట్టి వెనక చివర కట్టేశాం. అది క్యాబిన్‌లో కారితే నడిపేవాడికి కళ్ళు కనిపించవు.

ప్రమాదంలో దానంతటదే సంకేతం పంపే ఈఎల్‌టీ అనే పెట్టె దాదాపు ప్రతి విమానంలోనూ ఉంటుంది. పాతవి 121.5 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి. 2009 ఫిబ్రవరి 1 నుంచి శాటిలైట్లు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. 406 మెగాహెర్ట్జ్ రకం ఉంటేనే శాటిలైట్‌కి అందుతుంది. అద్దె విమానం తీసుకునే వాళ్ళు ఇంజన్ చూసినంత శ్రద్ధగా ఇది కూడా చూడాలి.

కాగితాల విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయి. మధ్యలో దాటాల్సింది కెనడా. బావ అమెరికా పౌరుడు. నాది భారత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు. ఆ రెండూ చేతిలో ఉంటే కెనడాకి వీసా అక్కర్లేదు. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం కెనడా వీసా ముందే తెచ్చుకోవాలి, తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు తమ వీసా స్టాంపు సంగతి వకీలుతో మాట్లాడుకోవాలి. ఇంకా విమానానికి రేడియో లైసెన్సు, పైలట్‌కి రేడియో పర్మిట్ కావాలి. అమెరికాలో తిరిగినంత కాలం ఇవి ఎవరూ అడగరు, సరిహద్దు దాటితే తప్పనిసరి. కస్టమ్స్ స్టిక్కరు, ఇన్సూరెన్సు కాగితం సరేసరి. అమెరికా నుంచి బయటికి వెళ్ళేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ విమానంలో ఎవరున్నారో అమెరికా కస్టమ్స్ వాళ్ళ ఆన్‌లైన్ పద్ధతి ఈ-ఏపిస్‌లో ముందే నమోదు చేయాలి.

చివరగా ఇద్దరం ఒక ఒప్పందం రాసుకున్నాం. కింద రోడ్డుకీ పైన మేఘానికీ మధ్య 1,500 అడుగులు ఉండకపోతే వెనక్కి. ముందున్న కనుమ అవతలి వెలుగు కనిపించకపోతే వెనక్కి. ఇద్దరిలో ఎవరు 'వెనక్కి' అన్నా రెండోవాడు కారణం అడగకూడదు, ముందు విమానం తిప్పాలి. మాట్లాడుకోవడం దిగాకే. వయసులో పెద్దవాడు కాబట్టి బావ మాటకి నేను ఎదురు చెప్పలేనేమోనని ఆయనే ఈ మూడోది రాయించాడు.

శనివారం: ఆర్లింగ్టన్, అబాట్స్‌ఫర్డ్, ప్రిన్స్ జార్జ్

సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న ఆర్లింగ్టన్‌లో లేచి సరిహద్దు దాటి అబాట్స్‌ఫర్డ్‌లో దిగడానికి ఎక్కువసేపు పట్టలేదు. కెనడా కస్టమ్స్‌కి బయలుదేరక ముందే ఫోన్ చేసి ఎప్పుడు దిగుతామో చెప్పాలి. కనీసం రెండు గంటల ముందు, 48 గంటలకు మించకుండా. దిగాక విమానంలోంచే మళ్ళీ ఫోన్. కాసేపు ప్రశ్నలడిగి ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరే మా ప్రవేశ ముద్ర.

అక్కడి నుంచి ఫ్రేజర్ నది పట్టుకుని ఉత్తరానికి. హోప్ దాటగానే లోయ ఇరుకైపోతుంది. ఇద్దరిలో ఒకరు నడిపితే ఇంకొకరు మ్యాప్ చూడ్డం, రేడియో వినడం. కొండలోయలో కుడి వైపు గోడకి దగ్గరగా ఎగరాలని ఇద్దరికీ నేర్పారు. మధ్యలో ఎగిరితే తిరగడానికి సగం లోయే ఉంటుంది, అంచున ఎగిరితే లోయంతా ఉంటుంది. ఎడమ సీట్లో కూర్చున్నవాడికి ఎడమకి తిరిగేటప్పుడు చోటు కూడా బాగా కనిపిస్తుంది.

లిటన్ మీదుగా వెళ్ళాం. 2021 జూన్ 29న ఇక్కడ 49.6 డిగ్రీలు నమోదైంది, కెనడా చరిత్రలోనే అత్యధికం. ఆ మర్నాడే ఊరు కాలిపోయింది. రెంటచింతల ఎండలు తెలిసిన వాణ్ణి, యాభై డిగ్రీల అక్షాంశం మీద అంత వేడి అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పైనుంచి చూస్తే కొండవాలు మీద నల్లటి మోళ్ళు ఇంకా బారులు తీరి ఉన్నాయి.

ప్రిన్స్ జార్జ్‌లో పెట్రోలు పోయించుకుంటే బిల్లు లీటర్లలో వచ్చింది. గాలనుకి 3.785 లీటర్లు. చిన్న లెక్కే. కానీ 1983 జులైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి పౌండ్లకీ కిలోలకీ మధ్య తికమకతో సగం పెట్రోలుతో బయలుదేరి, గాలిలో రెండు ఇంజన్లూ ఆగిపోయి గిమ్లీలో గ్లైడరులా దిగింది. ఆ కథ తెలిసిన పైలట్ ఎవరూ ఈ లెక్క నోటితో వేసి ఊరుకోరు. కాగితం మీద వేసి, ట్యాంకులో కొలపుల్ల ముంచి చూసుకున్నాం.

1920లో అమెరికా సైన్యం నాలుగు డిహెచ్-4 విమానాలను న్యూయార్క్ నుంచి అలాస్కాలోని నోమ్‌కి పంపినప్పుడు అవి కూడా ప్రిన్స్ జార్జ్‌లో ఆగాయి. మ్యాపులు సరిగా లేవు, ఎయిర్‌పోర్టులు అసలే లేవు. జులైలో బయలుదేరి ఆగస్టు చివరికి చేరారు. అక్టోబరులో నాలుగూ తిరిగి వచ్చాయి.

ఆదివారం: ఫోర్ట్ సెయింట్ జాన్, ఫోర్ట్ నెల్సన్

పైన్ పాస్‌లో రాకీ పర్వతాలు దాటాం. తూర్పు వైపు దిగగానే పొలాలు, పీస్ నది. ఫోర్ట్ సెయింట్ జాన్ హైవేలో 47వ మైలు. పాత మైలురాళ్ళ లెక్కనే ఇప్పటికీ అందరూ వాడతారు. ఫోర్ట్ నెల్సన్ 300, వాట్సన్ లేక్ 635, వైట్‌హార్స్ 918.

ఇక్కడి నుంచి కంట్రోల్ టవర్లు, రాడార్లు దాదాపు ఉండవు. రేడియోలో 126.7 మెగాహెర్ట్జ్ మీద మనమే చెప్పుకుంటూ పోవాలి: ఎవరం, ఎక్కడున్నాం, ఎంత ఎత్తులో, ఎటు. జవాబు రావాలని లేదు. ఒకసారి మాత్రం ఎదురుగా వస్తున్న పైలట్ ఒకాయన మా మాట విని, ముందు సికానీ చీఫ్ నది దగ్గర గాలి కుదుపులున్నాయి, 500 అడుగులు పైకి వెళ్ళండి అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన ముఖం చూడలేదు.

కెనడాలో 25 నాటికల్ మైళ్ళు దాటి వెళ్ళే ప్రతి ప్రయాణానికీ ఫ్లైట్ ప్లాను ఉండాలి, లేదా ఫలానా వేళకి రాకపోతే వెతికించే బాధ్యత తీసుకున్న మనిషైనా ఉండాలి. ప్లాను వేశాక చెప్పిన వేళ దాటి గంటలోపు దాన్ని మూయకపోతే, అంటే క్షేమంగా దిగామని చెప్పకపోతే, వెతకడం మొదలవుతుంది. దిగగానే ఇంజన్ ఆపడం, ప్లాను మూయడం. తర్వాతే కాఫీ. శాటిలైట్ మెసెంజరు పది నిమిషాలకోసారి మేమెక్కడున్నామో పంపేది. తెనాలిలో అమ్మ ఆ చుక్కలను ఫోన్లో చూస్తూ నిద్రపోలేదని రాత్రి తెలిసింది. "చుక్క ఆగితే నాకు భయం వేస్తోందిరా" అంది. ఆ తర్వాత దిగిన ప్రతిచోటా అమ్మకి మెసేజ్ పెట్టడం కూడా మా చెక్‌లిస్టులో చేర్చాం.

సోమవారం: ఫోర్ట్ నెల్సన్ నుంచి ఫోర్ట్ నెల్సన్‌కి

ఉదయం వాట్సన్ లేక్‌లో వాతావరణం బాగుంది. ఫోర్ట్ నెల్సన్‌లోనూ బాగుంది. మధ్యలో కొండల్లో ఎలా ఉందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. మారుమూల ప్రాంతాల్లో వాతావరణ సమాచారం అంటే ఇంతే, రెండు చివరలు తెలుస్తాయి, నడుమ ఊహించుకోవాలి.

స్టీమ్‌బోట్ కొండ దాకా ఎండ. రోడ్డు పడమటికి తిరిగి పైకెక్కుతుంటే మేఘం కిందికి దిగడం మొదలైంది. ఈ హైవే మొత్తంలో ఎత్తైన చోటు సమ్మిట్ లేక్ దగ్గరి కనుమ, 1,295 మీటర్లు, అంటే 4,250 అడుగులు. మేఘం అడుగు అప్పటికి 5,500 దగ్గర ఉంది. కనుమ కనిపిస్తోంది కానీ దాని అవతల తెల్లగా ఉందే తప్ప ఏమీ తెలియడం లేదు.

నడుపుతున్నది నేను. బావ ఒక్క మాట అన్నాడు: "వెనక్కి."

ఎడమకి తిప్పాను. కుడి గోడ వారనే ఉన్నాం కాబట్టి లోయంతా మా చేతిలో ఉంది, మలుపు హాయిగా తిరిగింది. వెనక్కి వస్తుంటే ఎండలో రోడ్డు మెరుస్తోంది. ఈ కాసేపట్లోనే ఇంత మారిందా అనిపించింది. దిగాక ఆయన్ని అడిగాను, ఇంకొంచెం ముందుకెళ్ళి చూసేవాళ్ళమా అని. "చూడొచ్చు. కానీ తిరగడానికి చోటు ఉండగా తిరగాలి. చోటు అయిపోయాక తిరగాలనిపించడం వల్ల లాభం లేదు" అన్నాడు. కొండల్లో కూలిన చిన్న విమానాల నివేదికలు నేను చాలా చదివాను. మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే. ఇంజన్ బాగుంటుంది, పెట్రోలు ఉంటుంది, పైలట్‌కి అనుభవం ఉంటుంది. మేఘం దిగుతుంది, లోయ ఇరుకవుతుంది, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తిరిగే వీలు లేని చోటికి వెళ్ళిపోతారు.

మంగళవారం: వాన

రోజంతా వాన. మోటెల్ గదిలో లెక్కలు మళ్ళీ వేసుకున్నాం. ఫోర్ట్ నెల్సన్‌లో పాత కార్లూ హైవే కట్టిన నాటి యంత్రాలూ పెట్టిన మ్యూజియం ఒకటి ఉంది, అక్కడ మధ్యాహ్నం గడిపాం.

1942 జనవరిలో అలాస్కాకి పంపిన బి-26 బాంబర్లలో మూడు ఈ దారిలోనే మంచు తుపానులో దారి తప్పాయి. వాట్సన్ లేక్ కనిపించక, పెట్రోలు అయిపోతుంటే ఒక మంచులోయలో పొట్ట మీద దించేశారు. మారుమూల అడవుల్లో చిన్న విమానాలు నడిపే బుష్ పైలట్ రస్ బేకర్ వాళ్ళను బయటికి చేర్చాడు. ఆ లోయకి మిలియన్ డాలర్ వ్యాలీ అని పేరు పడింది. దాదాపు 30 ఏళ్ళు ఆ విమానాలు అక్కడే ఉన్నాయి, 1971లో బయటికి తెచ్చారు. వాళ్ళ దగ్గర మంచి విమానాలున్నాయి, నడపగలిగిన మనుషులున్నారు. నమ్మదగ్గ మ్యాపు, రేడియో సాయం లేవు. మేము బయలుదేరిన ఎయిర్‌పోర్టుకే తిరిగి రాగలిగాం, వాళ్ళకి ఆ వీలు లేకపోయింది.

బుధవారం: వాట్సన్ లేక్, వైట్‌హార్స్

తెల్లవారుజామున మూడున్నరకే వెలుతురు. ఆకాశం కడిగినట్టుంది. సమ్మిట్ లేక్ కనుమ దాటాం, పైన మేఘం లేదు. టోడ్ నది, ఆ తర్వాత మంచో లేక్. ఆ నీళ్ళ రంగు గురించి చదివాను గానీ పైనుంచి చూసే దాకా నమ్మలేదు. కొండల మధ్య సన్నగా, పొడుగ్గా, పచ్చని జేడ్ రాయి రంగు. బావ విమానం ఒక పక్కకి వంచి చాలాసేపు పట్టుకున్నాడు. ఇద్దరం మాట్లాడలేదు. 496వ మైలు దగ్గర లియార్డ్ వేడి నీటి ఊటల మీద ఆవిరి సన్నగా లేస్తోంది.

వాట్సన్ లేక్ ఎయిర్‌పోర్టులో టెర్మినల్ ఇప్పటికీ దుంగలతో కట్టినదే. ఊళ్ళో సైన్ పోస్ట్ ఫారెస్ట్ ఉంది. 1942లో కార్ల్ లిండ్లీ అనే సైనికుడు ఇంటి మీద బెంగతో తన ఊరు డాన్‌విల్ ఎంత దూరమో పలక మీద రాసి పాతాడు. తర్వాత వచ్చిన వాళ్ళంతా తమ ఊళ్ళ పలకలు తెచ్చి కొట్టారు. ఇప్పుడు వేలకు వేలున్నాయి.

అక్కడి నుంచి వైట్‌హార్స్‌కి రోడ్డు ఏ లోయలో వేయాలో మొదట ఇంజినీర్లకు తెలియలేదు. యూకాన్ బుష్ పైలట్ లెస్ కుక్ వాళ్ళను విమానంలో తీసుకెళ్ళి కనుమ చూపించాడు. రోడ్డు అక్కడే పడింది. 1942 డిసెంబరులో వైట్‌హార్స్‌లోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన చూపిన లోయలో మేము రెండు పక్కలా కొండలు చూసుకుంటూ వెళ్ళాం.

వైట్‌హార్స్ ఎయిర్‌పోర్టు ఊరికి పైన గట్టు మీద ఉంది. దాని పక్కనే ఒక అసలైన డిసి-3 విమానాన్ని స్తంభం మీద నిలబెట్టారు. గాలి ఎటు వీస్తే ముక్కు అటు తిప్పుతుంది. అంత పెద్ద విమానం చిన్న గాలికే మెల్లగా తిరగడం చూడాల్సిందే.

గురువారం: క్లూవానీ, నార్త్‌వే, టోక్

ఈ రోజు టెన్షన్ అంతా గడియారంతో. నార్త్‌వేలో అమెరికా కస్టమ్స్ అధికారులు మనం చెప్పిన వేళకి వస్తారు. ముందు వెళ్ళకూడదు, ఆలస్యం కాకూడదు. యూకాన్ 2020 నుంచి గడియారం మార్చడం మానేసింది, ఏడాదంతా ఒకే సమయం. అలాస్కా వేసవిలో దానికి గంట వెనక ఉంటుంది. ఆ గొడవ లేకుండా అన్నీ జూలూ సమయంలో, అంటే గ్రీనిచ్ సమయంలో రాసుకున్నాం. ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం రెండూ చెప్పి, అవతలి వాళ్ళతో తిరిగి చెప్పించుకున్నాం.

హెయిన్స్ జంక్షన్ దాటాక ఎడమ వైపు సెయింట్ ఎలియాస్ కొండలు మొదలయ్యాయి. వాటి వెనకెక్కడో కెనడాలో అన్నిటికన్నా ఎత్తైన లోగన్ శిఖరం, 5,959 మీటర్లు. ముందున్న వరసే మాకు గోడలా కనిపించింది. క్లూవానీ లేక్ దక్షిణ కొసన బూడిద రంగు మైదానం ఒకటి కనిపిస్తుంది, దాని మీద దుమ్ము లేస్తూ ఉంటుంది. 2016 దాకా అక్కడ స్లిమ్స్ నది పారేది. కాస్కవుల్ష్ హిమానీనదం వెనక్కి జరగడంతో కరిగిన నీరు దారి మార్చుకుని అవతలి వైపు నదిలోకి, దాని ద్వారా పసిఫిక్ వైపు పోయింది. కొద్ది రోజుల్లోనే స్లిమ్స్ ఎండిపోయింది. మ్యాపులో నీలం గీతగా ఉన్న నది కిటికీలోంచి చూస్తే మట్టి. గ్లోబల్ వార్మింగ్ మీద ఎంత చదివినా ఆ పది నిమిషాల్లో కలిగిన బాధ నాకెప్పుడూ కలగలేదు. ఒక నది చచ్చిపోయింది, అంతే.

బీవర్ క్రీక్ దాటాక సరిహద్దు. 141వ రేఖాంశం వెంట అడవిని ఇరవై అడుగుల వెడల్పున నరికి ఉంచారు. ఉత్తరానికి చూస్తే కొండలెక్కి దిగుతూ తిన్నగా పోతూనే ఉంది. నార్త్‌వేలో దిగేసరికి అధికారులు సిద్ధంగా ఉన్నారు. పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డు, స్టిక్కరు చూశారు. తిండి ఏముందని అడిగితే సున్నుండలు చూపించాం. మినప్పప్పు, బెల్లం, నెయ్యి అని చెప్పాను. సరే అని వదిలేశారు.

పెట్రోలు కోసం టోక్‌కి వెళ్ళి రాత్రికి అక్కడే రెక్క కింద గుడారం వేసుకున్నాం. చీకటి పడనే లేదు. దోమల సంగతి ముందే రాశాను.

శుక్రవారం: ఫెయిర్‌బ్యాంక్స్

అలాస్కాలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. కనుమల్లో, ఊళ్ళలో అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ పెట్టిన వాతావరణ కెమెరాలు. ఫోన్లో తెరిస్తే కొద్ది నిమిషాల క్రితం ఫొటో, పక్కనే ఎండ రోజు తీసిన ఫొటో. రెండూ పోల్చి చూస్తే ఏ కొండ కనిపించడం లేదో తెలిసిపోతుంది. మన్యంలో పాడేరు, లంబసింగి వైపు ఇలాంటివి నాలుగు పెట్టినా హెలికాప్టర్ అంబులెన్సుల్లాంటివి వచ్చిన రోజు ఎంత ఉపయోగమో అనుకున్నాను.

తనానా నది వెంట డెల్టా జంక్షన్ దాకా వెళ్ళాం, హైవే అక్కడ ముగుస్తుంది. ఆ పైన ఐల్సన్ వైమానిక స్థావరం ఫైటర్ జెట్లు శిక్షణ చేసే ఆకాశం. రేడియోలో వాళ్ళతో మాట్లాడి, వాళ్ళు చెప్పిన ఎత్తులో దాటాం. ఫెయిర్‌బ్యాంక్స్ ఎయిర్‌పోర్టులో పెద్ద రన్‌వేతో పాటు చిన్న విమానాలకి మట్టి రన్‌వే, నీటి విమానాలకి చెరువు, పైలట్లు గుడారాలు వేసుకోవడానికి చోటు కూడా ఉన్నాయి. ప్లాను మూశాం. అమ్మకి మెసేజ్ పెట్టాం.

సాయంత్రం ఊళ్ళో లెండ్-లీజ్ స్మారకం చూశాం. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాలకు అమెరికా యుద్ధ సామగ్రి ఇచ్చిన పథకం అది. 1942 నుంచి 1945 దాకా దాదాపు 8,000 విమానాలను అమెరికా ఈ దారిలోనే సోవియట్ యూనియన్‌కి పంపింది. ఇక్కడి ల్యాడ్ ఫీల్డ్‌లో రష్యన్ పైలట్లు అందుకుని సైబీరియా మీదుగా తీసుకెళ్ళారు. ఒక అమెరికన్, ఒక రష్యన్ పైలట్ పక్కపక్కన నిలబడ్డ కంచు విగ్రహాలు. జీపీఎస్ లేదు, శాటిలైట్ లేదు, మైనస్ 40లో తెరిచిన ఇంజన్ల దగ్గర పనిచేశారు. ఫోర్ట్ సెయింట్ జాన్ నుంచి నార్త్‌వే దాకా మేము దిగిన ఎయిర్‌పోర్టులు వాళ్ళూ వాడినవే.

తిరుగు ప్రయాణం గురించి రాత్రి మాట్లాడుకున్నాం. వాట్సన్ లేక్ నుంచి ట్రెంచ్ మీదుగా వెళ్తే ఒక రోజు మిగులుతుందని బావ అన్నాడు. ప్రిన్స్ జార్జ్‌కి నేరుగా 425 నాటికల్ మైళ్ళు. గాలి లేకపోతే మూడుంబావు గంటలు, 43 గాలన్లు. వెనక్కి రావాలంటే 86. మా దగ్గరున్నవి 75. "వెనక్కి" అన్నాను. నవ్వి మ్యాపు మడిచేశాడు. ఆదివారం ఉదయం వచ్చిన దారినే వైట్‌హార్స్‌కి బయలుదేరాలని, నార్త్‌వేలో ఆగనక్కర్లేదు గానీ కెనడా కస్టమ్స్‌కి శనివారం సాయంత్రమే ఫోన్ చేయాలని రాసుకుని పడుకున్నాం.